డల్లాస్‌కు సీమంతం సారె: పోస్టాఫీసులో పార్సెల్ తీసుకోలేదు

గుంటూరు పిన్ని (25 ఆగస్టు 2025)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు డల్లాస్‌లో ఉంటుంది. పితృపక్షాలు వెళ్లాక, దసరా తరువాత వచ్చే శనివారం, అక్టోబరు 4న దానికి సీమంతం. అక్క లేదు కాబట్టి పుట్టింటి సారె నా చేతి మీదుగానే వెళ్లాలి. ధర్మవరం పట్టుచీర (22,000), వెండి కుంకుమ భరిణె, ఆరు డజన్ల గాజులు, రెండు కిలోల సున్నుండలు, అరిసెలు, కంది పొడి, మా పెరటి కరివేపాకు కొంచెం. అన్నీ అట్టపెట్టెలో సర్ది ఈ ఉదయం పోస్టాఫీసుకు వెళితే, ఈ రోజు నుంచి అమెరికాకు ఉత్తరాలు, 100 డాలర్ల లోపు కానుకలు తప్ప ఏవీ తీసుకోవడం లేదన్నారు.

ఇది కానుకే కదా బాబూ అంటే, విలువ ఎంత అని అడిగారు. వరుసలో నా వెనుక ఉన్న పెద్దాయన “చీర 2,000 అని రాయండమ్మా, అయిపోతుంది” అన్నారు. నాకు చేతులు రాలేదు, పెట్టె వెనక్కి తెచ్చేశాను.

కానుక అని రాస్తే సుంకం పడదని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. నిజం కాదా? కొరియర్‌లో పంపితే ఎంత పడుతుంది? ఈ నెలలో ఎవరైనా డల్లాస్ వెళుతుంటే చిన్న సంచీ తీసుకెళ్లగలరా?


టెక్సస్ తాబేలు (25 ఆగస్టు)

పిన్నిగారూ, ఇన్నాళ్లూ మీ పెట్టెలు సాఫీగా వచ్చింది కానుక అనే మాట వల్ల కాదండి, 800 డాలర్ల పరిమితి వల్ల. ఒక మనిషికి ఒక రోజులో వచ్చే సరుకు 800 డాలర్లు దాటకపోతే ఇక్కడి కస్టమ్స్ సుంకం అడిగేది కాదు. అది కానుకా, కొన్నదా అన్న తేడా లేదు. 2016లో ఆ పరిమితిని 200 నుంచి 800కి పెంచారు. చైనా సరుకుకు దాన్ని ఈ మే నెలలోనే ఎత్తేశారు. జులై 30 నాటి ఉత్తర్వుతో ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేస్తున్నారు.

ఇక మిగిలింది మనిషి మనిషికి పంపుకునే అసలైన కానుకకు ఎప్పటినుంచో ఉన్న 100 డాలర్ల మినహాయింపు. ఈ రోజు లెక్కన 8,700 రూపాయల చిల్లర. మీ చీర ఒక్కటే 250 డాలర్లు.

కొరియర్ సంగతి. ఎల్లుండి, అంటే 27 నుంచి, మన దేశపు సరుకు మీద అదనపు సుంకం మొత్తం 50 శాతం అవుతుంది. చీర మీద 125 డాలర్లు, పట్టుబట్టకు మామూలుగా ఉండే సుంకం వేరే, మన తరఫున సుంకం కట్టినందుకు కొరియర్ కంపెనీ పుచ్చుకునే రుసుము ఇంకొకటి. పంపేటప్పుడే కట్టకపోతే ఆ బిల్లు మీ అమ్మాయి ఇంటికి వస్తుంది. సారె అందుకున్న పిల్లే దానికి డబ్బు కట్టుకోవడం ఏం బాగుంటుంది?


కౌంటర్ నంబర్ 3 (25 ఆగస్టు)

నేను విజయవాడలో కొరియర్ కౌంటర్‌లో పనిచేస్తాను. “విలువ తగ్గించి రాయి బాబూ” అని రోజుకు పది మంది అడుగుతారు. ఇన్నాళ్లూ రాసేవాళ్లం కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. 800 ఉన్నప్పుడు తక్కువ రాసినా ఎక్కువ రాసినా పెద్ద తేడా ఉండేది కాదు. ఇప్పుడు ఉంటుంది.

ఇంకో మాట. వెండి, బంగారం మేము అసలు తీసుకోం. గాజుల డబ్బా తీసుకుంటాం, పగిలితే మాది పూచీ కాదని సంతకం పెట్టించుకుంటాం. పొడులు, పచ్చళ్లు బట్టలతో కలిపి ఒకే పెట్టెలో పెట్టకండి. పోయిన వేసవిలో ఒకావిడ గోంగూర డబ్బాను చీరల మధ్యలో పెట్టారు, మెత్తగా ఉంటుందని. డబ్బా మూతకు టేపు ఉంది, పైన రెండు కవర్లు ఉన్నాయి. అయినా విమానంలో గాలి ఒత్తిడికి నూనె ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. చికాగోలో పెట్టె తెరిచి ఫొటో పంపారు. లేతపసుపు చీర మీద కొంగు పొడవునా ఎర్రటి చార.


పాత సీలు (26 ఆగస్టు)

కస్టమ్స్‌లో చాలా ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. వెనకనున్న పెద్దాయన మాట విననందుకు సంతోషం అమ్మా.

ఆ ఫారంలో కింద ఉండే సంతకం పంపినవారిది. కౌంటర్ అబ్బాయిది కాదు, సలహా ఇచ్చిన పెద్దాయనదీ కాదు. విలువ తప్పు రాశారని తేలితే పెట్టె ఆగిపోవడం, జరిమానా పడడం, ఒక్కోసారి సరుకే పోవడం జరుగుతాయి. అంతవరకూ వెళ్లకపోయినా ఇంకో నష్టం ఉంది. మా బంధువు ఒకాయన 18,000 పట్టుచీరను 1,500 అని రాయించి పంపారు. పెట్టె దారిలో పోయింది. నష్టపరిహారం అడిగితే ఫారం తీసి చూపించి 1,500 చేతిలో పెట్టారు. ఆయన వాదించడానికి ఏముంది? తన చేతిరాతే కదా.

ఫారంలో “బట్టలు”, “తినేవి” అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అలా రాసిన పెట్టె మీదే మాకు అనుమానం వచ్చేది. “ఆడవారి పట్టుచీర, కొత్తది, ఒకటి” అని రాస్తే చదివేవాడికి తెరవాలన్న ఆత్రం తగ్గుతుంది. తినుబండారాలకు మరో మెలిక ఉంది. ఇంట్లో చేసుకుని, మనిషి పేరు మీద మనిషికి కానుకగా పంపేవాటికి అమెరికా ఆహార శాఖ ముందస్తు నోటీసు అడగదు. దుకాణంలో కొన్న మిఠాయికి ఆ వెసులుబాటు వర్తించదు. మీ సున్నుండలు మీరు చుట్టినవే అయితే ఆ సంగతి ఫారంలో రాయండి.


కోరుట్ల టు కరామా (26 ఆగస్టు)

పిన్నీ, మీ పోస్టులో చివరి వాక్యం తీసేయండి. ముక్కూమొహం తెలియనివాళ్లను సంచీ తీసుకెళ్లమని అడగవద్దు. మిమ్మల్ని ఎవరైనా అడిగినా ఒప్పుకోవద్దు.

నేను దుబాయ్‌లో పదహారేళ్లుగా ఉన్నాను. మా జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వచ్చే ప్రతి మనిషి చేతికీ ఊళ్లో నాలుగు సంచులు ఇస్తారు. ఫలానావాళ్ల కొడుకుకు సకినాలు, ఇంకొకరి అల్లుడికి పచ్చడి. అందులో ఒక దానిలో గంజాయి పొట్లం ఉంటే? విమానాశ్రయంలో దొరికిన సంచీ మీద మోసుకొచ్చినవాడి పేరే ఉంటుంది. “నాది కాదు సార్, ఎవరో ఇచ్చారు” అన్న మాట అక్కడి పోలీసులు వినీ వినీ ఉన్నారు. అలా ఇరుక్కుని జైలుపాలైన మనవాళ్ల కథలు గల్ఫ్‌లో ప్రతి క్యాంపులోనూ చెబుతారు.

మోసం లేకుండా కూడా ఇరుక్కోవచ్చు. మన ఇంట్లో మసాలాకు వాడే గసగసాలు యూఏఈలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. సింగపూర్‌లోనూ నిషేధమే. మా గదిలో కుర్రవాడికి వాళ్ల అమ్మ కోడికూర మసాలా పొడి కొట్టి ఇచ్చి, అందులో గసగసాలు వేసిన సంగతి చెప్పింది. వాడు దిగేముందే విమానం మరుగుదొడ్డిలో పొట్లం మొత్తం పారబోశాడు. నడుము నొప్పికి వేసుకునే ట్రామడాల్, దగ్గుకు వాడే కోడీన్ మందులూ అంతే. డాక్టర్ చీటీ ఉన్నా ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి.


గుంటూరు పిన్ని (26 ఆగస్టు)

నేను సున్నుండల్లో ఏం పెడతాను తమ్ముడూ?


కోరుట్ల టు కరామా (26 ఆగస్టు)

మీరు ఏమీ పెట్టరు పిన్నీ. మోసేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?


కౌంటర్ నంబర్ 3 (1 సెప్టెంబరు)

తాజా సంగతి. తపాలా శాఖ అమెరికాకు ఉత్తరాలు, 100 డాలర్ల లోపు కానుకలతో సహా అన్నీ ఆపేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలక విమాన సంస్థలు మోయడానికి ఒప్పుకోవడం లేదట. ఇప్పటికే డబ్బు కట్టి, పెట్టె కదలనివాళ్లు తిరిగి డబ్బు అడగవచ్చు. మా దగ్గర రద్దీ పెరిగింది, ధరలూ పెరిగాయి.


లెస్టర్ వాన (3 సెప్టెంబరు)

అమెరికావాళ్ల 100 డాలర్లే నయం. బ్రిటన్‌కు పోస్టులో వచ్చే కానుక 39 పౌండ్లు దాటితే వ్యాట్ కట్టాలి. యూరప్ దేశాల్లో 45 యూరోలు. ఇక చేతిలో తెచ్చుకుందామంటే మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి ఇక్కడికి తేకూడదు. మా అత్తగారు తెచ్చిన కోవా బిళ్లలు పోయిన ఏడాది హీత్రోలో చెత్తబుట్ట పాలయ్యాయి. పోయిన ఆ పెట్టె గురించి ఆవిడ ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంటారు.


గుంటూరు పిన్ని (14 సెప్టెంబరు)

దారి దొరికింది. అమ్మాయి అత్తమామలు 24న బయలుదేరుతున్నారు. సారె వాళ్లే పట్టుకెళతారు. వియ్యపురాలిని నా ఎదుటే సర్దమని చెప్పాను, ఏ వస్తువు ఎక్కడ ఉందో ఆవిడకు తెలియాలి కదా. ఇప్పుడు చెప్పండి, ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు?


టెక్సస్ తాబేలు (14 సెప్టెంబరు)

ముందుగా కరివేపాకు తీసేయండి. పచ్చి ఆకుకు అమెరికాలో ప్రవేశం లేదు. కారణం వింటే కోపం తగ్గుతుంది. కరివేప చెట్టు నిమ్మ, నారింజల కుటుంబానిదే. వాటికి తెగులు అంటించే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లో కనబడింది, అక్కడి నారింజ తోటలను పీల్చి పిప్పి చేసింది. మీ పెరటి రెమ్మలో ఆ పురుగు గుడ్డు లేదని విమానాశ్రయంలో ఎవరు చూసి చెబుతారు? మామిడిపండ్లు, పువ్వులు, విత్తనాలు సర్దకండి. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలు వద్దు. పొడులు, అరిసెలు, సున్నుండలు పర్వాలేదు.

కాగితం మీదో యంత్రం మీదో “తినుబండారాలు ఉన్నాయా” అని అడిగితే ఉన్నాయి అనే చెప్పాలి. మనవాళ్లు భయపడి లేవంటారు. ఉన్నాయని చెప్పిన తరువాత పనికిరానిది దొరికితే అది తీసి పారేస్తారు, అంతటితో సరి. లేవని చెప్పి దొరికితే జరిమానా. అది 10,000 డాలర్ల వరకూ వెళ్లే అవకాశం ఉందని కస్టమ్స్ వాళ్లే చెబుతారు.

సందర్శకుల వీసా మీద వచ్చేవాళ్లకు, కనీసం 72 గంటలు ఉండేట్టయితే, తలా 100 డాలర్ల కానుకల వరకూ మినహాయింపు ఉంది. ఆరు నెలలకు ఒకసారే. చీర విలువ దానికి మించుతుంది కాబట్టి బిల్లు చేతిసంచీలో ఉండాలి, అడిగితే ఉన్నదే చెప్పాలి. కానుకలకు రంగుకాగితం చుట్టకండి, చింపి చూస్తారు.


మల్లెచెండు (14 సెప్టెంబరు)

పువ్వుల మాట వచ్చింది కాబట్టి. ఈ నెలలోనే మలయాళ నటి నవ్యా నాయర్ ఓణం వేడుకకు మా మెల్‌బోర్న్ వచ్చి, చేతిసంచీలో ఉన్న మూరెడు కూడా లేని మల్లెదండకు 1,980 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేయించుకున్నారు. మన డబ్బులో లక్ష దాటింది. వాళ్ల నాన్నగారు కొనిచ్చిన పూలట. సగం సింగపూర్ వరకూ తలలో పెట్టుకుని, మిగతా సగం తరువాతి ప్రయాణానికి దాచుకున్నారని ఆవిడే వేదిక మీద చెప్పారు. నవ్వు వచ్చింది, నవ్విన వెంటనే మా అమ్మ సంచీ గుర్తుకు వచ్చి గుబులూ వచ్చింది.

ఇక్కడ పాలకోవా, కలాకండ్, రసగుల్లా లాంటివి మన దేశం నుంచి రానివ్వరు, పశువుల గాలికుంటు వ్యాధి భయం. దీపావళికి, రాఖీకి ముందు ప్రత్యేకంగా ప్రకటిస్తారు కూడా. రాఖీలో విత్తనాలో ఎండుపువ్వులో ఉంటే అదీ ఆపుతారు.


ఎడిసన్ సుబ్బు (20 సెప్టెంబరు)

నాది ఎదురుదారి ప్రశ్న. దసరాకు హైదరాబాద్ వస్తున్నాం. తమ్ముడికి కొత్త ఐఫోన్ ఒకటి, అమ్మకు గొలుసు ఒకటి. మా ఆవిడ ఒంటి మీద నగలు ఎలాగూ ఉంటాయి. శంషాబాద్‌లో ఏమంటారు?


పాత సీలు (20 సెప్టెంబరు)

ఫోను లెక్క సులువు. ఇప్పటి (2025) లెక్కన తలా 50,000 వరకూ సుంకం లేదు, దాటినదాని మీద 38.5 శాతం. ఫోను 70,000 అనుకుంటే 20,000 మీద 7,700 కట్టి బయటికి రావచ్చు. మీ పరిమితిలో మిగిలింది మీ ఆవిడ పరిమితితో కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు. లాప్‌టాప్ ఒకటి ఎలాగూ వేరే మినహాయింపు.

నగల దగ్గరే జనం బోల్తా పడతారు. ఏడాదికి పైగా విదేశంలో ఉన్న ఆడవారికి 40 గ్రాములు, మగవారికి 20 గ్రాములు అన్నది అందరికీ గుర్తుంటుంది. దాని పక్కనే లక్ష రూపాయలు, 50,000 రూపాయలు అన్న విలువ పరిమితి ఎవరికీ గుర్తుండదు. ఇప్పటికీ (2025) అమల్లో ఉన్న 2016 నిబంధనల్లో పెట్టిన అంకెలవి. అప్పటికి సరిపోయాయి. గ్రాము పదివేలు దాటిన ఈ రోజుల్లో లక్షకు పది గ్రాములు కూడా రావు. 40 గ్రాములు ఉందని ధీమాగా గ్రీన్ ఛానల్‌లో (సుంకం పడే సరుకేమీ లేదనేవాళ్ల దారి) నడిచివచ్చి దొరికినవాళ్ల మొహాలు చూశాను. దొంగతనం చేసినవాళ్ల మొహాలు కావవి. అందుకే ఇంకా జాలి.

ఆరు నెలలకు పైగా బయట ఉన్నవాళ్లయితే రెడ్ ఛానల్‌కు వెళ్లి చెప్పి, 6 శాతం సుంకం విదేశీ ద్రవ్యంలో కట్టి కిలో వరకూ తెచ్చుకోవచ్చు. గొలుసు బిల్లు దగ్గర పెట్టుకోండి. ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన నగలే తిరిగి తెస్తున్నారంటే, వెళ్లేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుని ఉండాలి. అది లేకపోతే పాత పెళ్లి ఫొటోలు చూపించి వాదించుకోవాలి.


ఎడిసన్ సుబ్బు (20 సెప్టెంబరు)

ఫోను పోస్టులో పంపేస్తే?


పాత సీలు (20 సెప్టెంబరు)

ఇంకా నష్టం. పోస్టులోనో కొరియర్‌లోనో మన దేశానికి వచ్చే కానుకలకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులో పోయింది. ప్రాణరక్షణ మందులు, రాఖీలు తప్ప మొదటి రూపాయి నుంచీ సుంకమే. రాఖీతో పాటు పెట్టిన బొమ్మకు కూడా!


నిద్రలేని నాన్న (22 సెప్టెంబరు)

ఇక్కడ అందరూ నిజమైన సుంకం గురించి మాట్లాడుతున్నారు. నేను లేని సుంకం కట్టినవాణ్ణి. “లండన్ నుంచి మీ పేరు మీద కానుక వచ్చింది, ఢిల్లీ విమానాశ్రయంలో ఆగింది, 32,000 కడితే వదులుతాం” అని ఫోను. మా అబ్బాయి అక్కడే చదువుతున్నాడు, పుట్టినరోజుకు వాడే పంపాడనుకున్నాను. కట్టాక ఇంకో 75,000 అడిగారు, పెట్టెలో విదేశీ డబ్బు ఉందని. అప్పుడు అబ్బాయికి ఫోను చేశాను. ముందే చేసి ఉండవలసింది.


పాత సీలు (22 సెప్టెంబరు)

కస్టమ్స్ శాఖ ఎవరి సొంత ఖాతాలోకీ డబ్బు వేయమనదు. అసలు నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మీరు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశారా? చేయకపోతే ఇప్పుడైనా చేయండి.


గుంటూరు పిన్ని (6 అక్టోబరు)

సీమంతం బాగా జరిగింది. వియ్యపురాలు ఫోనులో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

డల్లాస్‌లో తినుబండారాలు ఉన్నాయని చెప్పగానే పక్క వరుసలోకి పంపారట. ఒక అమ్మాయి చేతులకు నీలం తొడుగులు వేసుకుని సున్నుండల డబ్బా తెరిచి, ఒకటి తీసి, రెండుగా విరిచి చూసిందట. ఇందులో మాంసం ఉందా అని అడిగిందట. మినప్పిండి, బెల్లం, నెయ్యి అంటే అర్థం కాలేదు. వియ్యంకుడుగారు వేళ్లతో చిన్న గింజ చూపించి “పప్పు, పప్పు” అన్నారట. అరిసెలు వాసన చూసి పెట్టేసింది. కంది పొడిలో వేయించిన ఎండు కరివేపాకు రెబ్బలు కనిపిస్తే ఆ పొట్లం పక్కన పెట్టించింది. నేనే వేశాను, కమ్మగా ఉంటుందని. ఆకు ఆకే అనుకున్నారేమో. చీర, భరిణె, బిల్లు చూసి, ఎవరికని అడిగి, కోడలి సీమంతానికి అంటే నవ్వి పంపేసిందట, సుంకం వేయలేదు.

విరిచిన సున్నుండ డబ్బాలో అలాగే ఉందట. మా పిల్ల మొదట అదే తిన్నది.


టెక్సస్ తాబేలు (6 అక్టోబరు)

శుభం పిన్నిగారూ. సుంకం వేయకపోవడం ఆ అధికారి దయ, అందరికీ అదే జరుగుతుందని చదివేవాళ్లు అనుకోకండి.


కౌంటర్ నంబర్ 3 (16 అక్టోబరు)

నిన్నటి నుంచి పోస్టాఫీసులో అమెరికా పార్సెళ్లు మళ్లీ తీసుకుంటున్నారు. ఇప్పటి (2025 అక్టోబరు) లెక్కన రాసిన విలువ మీద 50 శాతం సుంకం ఇక్కడే ముందుగా కట్టేయాలి, అక్కడ అందుకునేవాళ్లు కట్టనక్కర్లేదు. మాకు పోటీయే అయినా చెబుతున్నాను, చిన్న పెట్టెలకు అదే చవక.


గుంటూరు పిన్ని (18 అక్టోబరు)

పురుడు డిసెంబరులో. ఈసారి ఎవరైనా వెళుతున్నారా అని అడగను కోరుట్ల తమ్ముడూ, పోస్టులోనే పంపుతాను. మా అక్క పాత నూలు చీరలు నాలుగు ఉంటే, వాటితో బిడ్డకు బొంత కుట్టాను. ఇంకేమీ లేదు పెట్టెలో. దానికి విలువ ఎంత రాయాలి? సున్నా రాయవచ్చా?


పాత సీలు (18 అక్టోబరు)

సున్నా రాస్తే ఒప్పుకోరమ్మా. “ఇంట్లో కుట్టిన పసిపిల్లల బొంత, వాడిన నూలు బట్టలతో, ఒకటి, కానుక” అని రాసి, అలాంటిది బజారులో ఎంతకు దొరుకుతుందో ఆ ధర వేయండి. 500 అయినా పర్వాలేదు.


గుంటూరు పిన్ని (18 అక్టోబరు)

పట్నంబజారులో 800 చెప్పారు. అదే రాస్తాను.